ముక్కు దిబ్బడకు శస్త్రచికిత్సలు

ముక్కు దిబ్బడకు చేసే శస్త్రచికిత్సలు గాలి దారికి అడ్డుపడుతున్న భాగాన్ని సరిచేయడానికో, కుదించడానికో, తీసేయడానికో ఉద్దేశించినవి. జలుబు, అలర్జీల దిబ్బడ చాలావరకు మందులతోనే అదుపులో ఉంటుంది. జైలోమెటాజోలిన్ చుక్కలను రోజుల తరబడి వాడితే మందు వల్లే దిబ్బడ పెరుగుతుంది. దానికి చుక్కలు మానడమే చికిత్స. స్టెరాయిడ్ స్ప్రేలు, ఉప్పునీటితో కడగడం వారాల పాటు సాగించినా గుణం కనిపించకపోతే ఎండోస్కోపీ, అవసరమైతే సీటీ స్కాన్ చేసి అడ్డు ఎక్కడుందో తేలుస్తారు. ఏ ఆపరేషన్ అన్నది దాన్నిబట్టే ఉంటుంది.

రకాలు

సెప్టోప్లాస్టీ: ముక్కు దూలం వంకరగా ఉన్నవారికి చేస్తారు. ముక్కు లోపలే గాటు పెట్టి, పైపొరను లేపి, వంకర తిరిగిన మృదులాస్థిని, ఎముకను సరిచేసి పొరను తిరిగి కప్పుతారు. బయటికి మచ్చ కనబడదు. ముక్కు కుంగకుండా పైభాగాన, ముందువైపున సుమారు సెంటీమీటరు వెడల్పున మృదులాస్థిని వదిలేస్తారు. 20వ శతాబ్దం ఆరంభంలో ఫ్రీర్, కిలియన్‌ల పద్ధతిలో దూలంలో చాలా భాగం తొలగించేవారు. ఇప్పుడు వీలైనంత నిలుపుతున్నారు. బ్రిటన్‌లో 378 మందిపై జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, మందుల కన్నా ఈ ఆపరేషన్ వల్లే ఎక్కువ ఉపశమనం కలిగింది.

టర్బినేట్ల కుదింపు: ముక్కు పక్కగోడల మీది ఈ మడతలు ఉబ్బితే రేడియోఫ్రీక్వెన్సీతోనో, మైక్రోడిబ్రైడర్‌తోనో లోపలి కణజాలాన్ని తగ్గిస్తారు. పీల్చే గాలిని వెచ్చబరిచి తడి చేసేవి ఇవే కాబట్టి పూర్తిగా తీసేయరు.

ఎండోస్కోపిక్ సైనస్ సర్జరీ: ముక్కు లోపల పెరిగే మెత్తటి కండలైన పాలిప్స్‌ను తొలగించి సైనస్ ద్వారాలను తెరుస్తారు. ఆస్ట్రియాలో మెసెర్‌క్లింగర్ పరిశోధనలు దీనికి పునాది. పాలిప్స్ మళ్లీ రావచ్చు కనుక ఆపరేషన్ తర్వాత కూడా స్ప్రే కొనసాగించాలి.

అడినాయిడెక్టమీ: నోటితో గాలి పీలుస్తూ, గురక పెట్టే పిల్లల్లో ముక్కు వెనక పెరిగిన అడినాయిడ్లను నోటి గుండానే తీస్తారు.

రైనోస్పోరిడియోసిస్: దక్షిణ భారతం, శ్రీలంకల్లో ఎక్కువ, చెరువు స్నానాలతో ముడిపడిన జబ్బు. ముక్కులో పెరిగే, ముట్టుకుంటే రక్తం కారే ఎర్రటి కండను కోసి, మొదలును కాల్చకపోతే మళ్లీ పెరుగుతుంది.

హైదరాబాద్ ప్రాంతంలో

మేడ్చల్ మండలంలోని ఘనపూర్‌లో మెడిసిటీ బోధనాసుపత్రి ఉంది. నగరంలో కోఠి ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఈ రంగానికే ప్రత్యేకం. 2021లో కొవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ విజృంభించినప్పుడు ప్రభుత్వం దాన్నే నోడల్ కేంద్రం చేసింది. ఆ జబ్బు కూడా తరచూ ముక్కు దిబ్బడ, ముఖంలో నొప్పితో మొదలవుతుంది. దానికి మందు ఇవ్వడంతో పాటు కుళ్లిన కణజాలాన్ని వెంటనే తొలగించాలి.

జాగ్రత్తలు, ముప్పులు

ఆపరేషన్ తర్వాత వారం, రెండు వారాలు ముక్కు గట్టిగా చీదకూడదు, బరువులు ఎత్తకూడదు. రక్తస్రావం, దూలానికి రంధ్రం పడటం, లోపలి పొరలు అతుక్కోవడం తెలిసిన ముప్పులు. సైనస్ సర్జరీలో కంటికి, మెదడు పొరకు దెబ్బ తగలడం అరుదు. అలర్జీ ఉన్నవారికి దారి తెరుచుకున్నా తుమ్ములు, నీరు కారడం పోవు. ఒకే పక్క దిబ్బడతో పాటు రక్తం కారుతుంటే, ముఖ్యంగా టీనేజీ మగపిల్లల్లో, యాంజియోఫైబ్రోమా అనే రక్తనాళాల గడ్డ కావచ్చు. ముక్క తీసి పరీక్షిస్తే తీవ్రంగా రక్తం పోతుంది కాబట్టి స్కాన్‌తోనే నిర్ధారించి, ఆపైన ఆపరేషన్ చేస్తారు.