ప్రయోజనం మారిన ఔషధం: రాపామైసిన్ చరిత్ర - వారసత్వ చర్మవ్యాధి చికిత్స

వ్యాససంగ్రహం:
ఒక వ్యాధి కోసం రూపొందిన మందును మరొక వ్యాధికి వాడటాన్ని ఔషధ పునర్వినియోగం అంటారు. ఈస్టర్ దీవి మట్టిలో లభించిన రాపామైసిన్ మొదట శిలీంధ్రనాశకంగా గుర్తింపు పొందింది. ఆ తరువాత మూత్రపిండ మార్పిడి ఔషధమై, చివరకు ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే అరుదైన జన్యువ్యాధిలో ముఖంపై ఏర్పడే కణుతులకు పూతమందు అయింది. ఈ పరిణామం కేవలం యాదృచ్ఛికం కాదని, వేర్వేరుగా సాగిన రెండు పరిశోధనల కలయిక అని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: రాపామైసిన్, ట్యూబరస్ స్క్లెరోసిస్, ఔషధ పునర్వినియోగం, వైద్య చరిత్ర, ఈస్టర్ దీవి.

1. ఉపోద్ఘాతం:
తెలుగులో ‘పునర్వినియోగం’ అనే మాట సాధారణంగా ఒకసారి వాడిన వస్తువును మళ్ళీ వాడటాన్ని సూచిస్తుంది. ఔషధాల విషయంలో ఆ అర్థం చాలదు. ఇక్కడ మందు పాతదే కాని, ప్రయోజనం కొత్తది. అరుదైన వ్యాధులకు రోగులు తక్కువ కాబట్టి కొత్త మందుల తయారీకి పెట్టుబడులు రావడం కష్టం. మనుషులలో భద్రత పరీక్షించిన మందు సిద్ధంగా ఉంటే కాలం, వ్యయం కలిసివస్తాయన్నది పునర్వినియోగానికి చెప్పే ప్రధాన సమర్థన. ఈ సమర్థన ఎంతవరకు నిజమో రాపామైసిన్ చరిత్ర తెలియజేస్తుంది.

2. దీవి మట్టి నుంచి ప్రయోగశాలకు:
1964 చివరలో కెనడా వైద్యబృందం ఒకటి స్టాన్లీ స్కొరీనా నాయకత్వంలో చిలీ పాలనలోని ఈస్టర్ దీవికి చేరింది. బయటి ప్రపంచంతో రాకపోకలు పెరగకముందే దీవివాసుల ఆరోగ్యస్థితిని నమోదు చేయడం ఆ బృందం ఉద్దేశం. బృందంలోని సూక్ష్మజీవశాస్త్రవేత్త జార్జ్ నోగ్రాడీ దీవిలో పలుచోట్ల మట్టి నమూనాలు సేకరించాడు. అవి తరువాత మాంట్రియల్‌లోని అయర్స్ట్ ఔషధ సంస్థకు చేరాయి. ఆ మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ జాతి బాక్టీరియా నుంచి సురేన్ సెహగల్ తదితరులు ఒక పదార్థాన్ని వేరుచేశారు. స్థానికులు తమ దీవిని ‘రాపా నుయి’ అంటారు. ఆ పేరు మీదుగానే ఆ పదార్థానికి రాపామైసిన్ అనే పేరు వచ్చింది. దాని శిలీంధ్రనాశక గుణాన్ని వివరించే పత్రాలు 1975లో వెలువడ్డాయి.

అయితే ఈ పదార్థం శరీర రోగనిరోధక శక్తిని అణచివేస్తుందని పరిశోధనలో తేలింది. శిలీంధ్ర వ్యాధికి ఇచ్చే మందుకు ఇది పెద్ద లోపం. 1980ల తొలినాళ్ళలో సంస్థ మాంట్రియల్ ప్రయోగశాలను మూసివేయడంతో పరిశోధన ఆగింది. అమెరికాకు బదిలీ అయిన సెహగల్ ఆ సూక్ష్మజీవిని తన ఇంటి ఫ్రీజరులో భద్రపరిచాడని ఆయన కుటుంబం చెప్పింది. సంస్థ యాజమాన్యం మారాక ఆయన పట్టుదలతో పని మళ్ళీ మొదలైంది. లోపంగా భావించిన గుణమే ఈసారి ప్రయోజనమైంది. అమర్చిన మూత్రపిండాన్ని శరీరం తిరస్కరించకుండా వాడేందుకు 1999లో అమెరికా ఈ మందును ఆమోదించింది.

3. వ్యాధి వైపు నుంచి సాగిన పరిశోధన:
ట్యూబరస్ స్క్లెరోసిస్‌ను 1880లో ఫ్రెంచి వైద్యుడు బూర్నవీల్ వర్ణించాడు. మెదడు, మూత్రపిండాలు, చర్మం వంటి అనేక అవయవాలలో కణుతులు పుట్టించే జన్యువ్యాధి ఇది. బాల్యంలోనే ముక్కు, బుగ్గల మీద ఎర్రని చిన్న కణుతులు మొదలవుతాయి. రక్తస్రావంతో పాటు రూపం మారడం వల్ల కలిగే మనోవేదన కూడా రోగిని బాధిస్తుంది. వీటికి చాలాకాలం ‘అడినోమా సెబేషియం’ అనే పేరు ఉండేది. నిజానికి ఇవి తైలగ్రంథుల కణుతులు కావు. రక్తనాళాలు, పీచుకణజాలం పెరగడం వల్ల ఏర్పడేవి. లేజరుతో తొలగించినా తిరిగి రావడం సామాన్యం.

ఈ వ్యాధికి కారణమైన రెండు జన్యువులలో ఒకటి 1993లో, రెండవది 1997లో బయటపడ్డాయి. మరోవైపు, రాపామైసిన్ కణంలో ఏ ప్రొటీనుపై పనిచేస్తుందో తెలుసుకునే ప్రయత్నంలో 1991లో ఈస్ట్‌లో, 1994లో క్షీరదాలలో ‘టార్’ ప్రొటీను వెల్లడైంది. ఆంగ్లంలో ‘రాపామైసిన్ లక్ష్యం’ అనే పదబంధానికి సంక్షిప్తరూపమే ఈ పేరు. కణం పెరుగుదలను ప్రేరేపించే ఈ ప్రొటీనును ట్యూబరస్ స్క్లెరోసిస్ జన్యువులు అదుపులో ఉంచుతాయని 2002 నాటికి స్పష్టమైంది. జన్యువు దెబ్బతిన్నప్పుడు ఆ అదుపు పోతుంది. రాపామైసిన్ కూడా అదే ప్రొటీనును నిరోధిస్తుంది. రెండు పరిశోధనలు కలిసిన చోటు ఇదే.

4. చర్మ చికిత్సగా పరిణామం:
మూత్రపిండ మార్పిడి తరువాత రాపామైసిన్ తీసుకున్న ఒక రోగికి ముఖంపై కణుతులు తగ్గినట్లు 2008లో ఒక నివేదిక వచ్చింది. కానీ ముఖం కోసం మొత్తం శరీర రోగనిరోధక శక్తిని అణచడం సమంజసం కాదు. అందుకే పూతమందు ఆలోచన ముందుకొచ్చి, 2010లో తొలి నివేదిక వెలువడింది. ఈ అణువు పరిమాణంలో పెద్దది కావడంతో చర్మంలోకి ఇంకేలా జెల్ తయారుచేయడం కూడా పరిశోధనాంశమైంది. జపానులో 62 మంది రోగులపై 12 వారాలు జరిగిన పరీక్షలో 0.2 శాతం జెల్ ప్రయోజనం రుజువైంది. 2018లో జపాన్, 2022లో అమెరికా దీనిని ఆమోదించాయి. ఇది జన్యులోపాన్ని సరిదిద్దదు; వాడకం ఆపితే కణుతులు మళ్ళీ పెరగవచ్చు.

5. చరిత్రలో మరుగునపడిన వారు:
ఈ కథను చాలామంది మట్టిలో దొరికిన నిధిగా, ఒక శాస్త్రవేత్త పట్టుదలగా చెబుతారు. అయితే 1975 నాటి తొలి పత్రంలో దీవి మట్టి ప్రస్తావన ఉన్నప్పటికీ, దానిని తెచ్చిన బృందం ప్రస్తావన లేదు. బృందం దీవిలో ఉన్న రోజులలోనే అక్కడి ప్రజలు ఉపాధ్యాయుడు అల్ఫోన్సో రాపు నాయకత్వంలో తమ హక్కుల కోసం ఉద్యమించారు. వారి దీవి పేరు మందులో నిలిచింది, మందు ద్వారా ప్రొటీను పేరులోకీ చేరింది. మందు కథలో మాత్రం వారికి చోటు దక్కలేదు. జీవవనరులపై మూలప్రాంతాల హక్కును చర్చించిన జీవవైవిధ్య ఒప్పందం 1992లో గాని రాలేదు.

6. ముగింపు:
• మట్టి సేకరణ నుంచి పూతమందు తొలి ఆమోదం వరకు ఐదు దశాబ్దాలకు పైగా పట్టింది. కాబట్టి పునర్వినియోగాన్ని దగ్గరిదారిగా మాత్రమే చూడటం సరికాదు.
• పాత మందుకు కొత్త ప్రయోజనం కలగడానికి వ్యాధి మూలకారణం తెలియడం కీలకం. జన్యు పరిశోధన లేకుంటే రాపామైసిన్‌కు, ముఖంపై కణుతులకు సంబంధం ఉందని ఊహించడమే కష్టం.
• ఒక సందర్భంలో లోపమైన గుణం మరొక సందర్భంలో ప్రయోజనం కావచ్చు. విఫలమైన మందుల నమూనాలను, వివరాలను భద్రపరచడం అందుకే అవసరం.
• ఔషధ చరిత్రను రాసేటప్పుడు పరిశోధకులతో పాటు మూలవనరు లభించిన నేలను, అక్కడి ప్రజలను కూడా నమోదు చేయడం చరిత్రకారుల బాధ్యత.