లాటినో ప్రజలు – జనాభా లెక్కలు – కృత్రిమ మేధ

కృత్రిమ మేధ అను పేరు 1955లో పుట్టినది. మరుసటి వేసవిలో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జరుపదలచిన సమావేశము కొరకు జాన్ మెకార్తీ, మరి ముగ్గురు శాస్త్రజ్ఞులు కలిసి వ్రాసిన ప్రతిపాదనలో ఆ మాట మొదట కనబడును. నాడది కొద్దిమంది పరిశోధకుల మాట. నేడో, ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టినవారిని వడపోయుటకును, అప్పు ఈయదగిన వారెవరో తేల్చుటకును కూడ యంత్రముల తీర్పును అడుగుచున్నారు.

యంత్రమునకు రాగద్వేషములు లేవు గదా, దాని తీర్పులో పక్షపాతమెట్లు వచ్చునని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. యంత్రము తనంత తానుగా ఏమియు నెరుగదు. మనుష్యులు కూర్చి యిచ్చిన సమాచారము నుండి నేర్చుకొనును. ఆ సమాచారములో ఒక జనవర్గము కనబడకున్నను, తప్పుగా కనబడినను, ఆ తప్పు తీర్పులోనికి దిగును. ఇది యంత్రములతో క్రొత్తగా వచ్చిన చిక్కు కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములలోని లాటినో ప్రజల చరిత్ర ఇందుకు మంచి నిదర్శనము. మెక్సికో, పోర్టోరికో, క్యూబా మొదలగు లాటిన్ అమెరికా సీమలలో మూలములు గలవారు లాటినోలు. 2020 జనాభా లెక్కలలో వీరి సంఖ్య 6 కోట్ల 21 లక్షలు. అనగా ఆ దేశజనాభాలో నూటికి 18.7 వంతులు.

జాతుల పట్టికలో ఒక పేరు

అమెరికాలో పదేండ్ల కొకసారి జనాభా లెక్కలు తీయుదురు. 1930లో జాతుల పట్టికలో ‘మెక్సికన్’ అను పేరును క్రొత్తగా చేర్చిరి. ఆ పేరు క్రింద సుమారు 14 లక్షల 22 వేలమంది లెక్కకు వచ్చిరి. అదే పట్టికలో ‘హిందూ’ అనునది కూడ ఒక జాతి! భారతదేశము నుండి పోయినవాడు ఏ మతమువాడైనను, ఏ భాషవాడైనను ఆ పేరు క్రిందనే చేరెడివాడు. పట్టికలోని పేర్లు ప్రకృతి యేర్పరచినవి కావనియు, లెక్క తీయువారు కల్పించుకొన్నవనియు దీనివలన తెలియుచున్నది.

ఆ దశాబ్దము గొప్ప ఆర్థికమాంద్యపు కాలము. పనులు లేని ఆ రోజులలో లక్షలాది మెక్సికన్ మూలముల వారిని మెక్సికోకు పంపివేసిరి. లేదా వారే పోవలసిన స్థితి కల్పించిరి. అమెరికాలో పుట్టి, ఆ దేశపు పౌరులైనవారు కూడ వారిలో నుండిరి. వేరు జాతిగా పేర్కొనుట వలన తమ హక్కులకు భంగము కలుగునని మెక్సికన్ మూలముల వారును, మెక్సికో ప్రభుత్వమును అభ్యంతరము తెలిపిరి. 1940లో ఆ పేరును తీసివేసి, వారిని సాధారణముగా ‘శ్వేతజాతి’ క్రిందనే వ్రాయుమని గణకులను ఆదేశించిరి.

పేరు పోయినది గాని వివక్ష పోలేదు. పేరు పోవుటచేత దానిని రుజువు చేయుట మరింత కష్టమైనది.

జాక్సన్ కౌంటీ వ్యాజ్యము

ఈ సంగతి 1954లో సుప్రీం కోర్టు ముందునకు వచ్చినది. టెక్సస్ రాష్ట్రములోని జాక్సన్ కౌంటీలో ఒక హత్యకేసులో ముద్దాయి మెక్సికన్ మూలములవాడు. నేరవిచారణలో కూర్చుండు జ్యూరీలలోనికి అతని వర్గమువారిని తీసికొనుట లేదని న్యాయవాదులు గస్ గార్సియా, కార్లోస్ కదేనాలు వాదించిరి. రాష్ట్ర ప్రభుత్వపు జవాబు విచిత్రమైనది. చట్టము గుర్తించునవి తెల్లవారు, నల్లవారు అను రెండే వర్గములట. మెక్సికన్లు తెల్లవారే గనుక తెల్లవారితో నిండిన జ్యూరీ వారి జ్యూరీయే యట!

న్యాయవాదులు లెక్కలు చూపిరి. ఆ కౌంటీ జనాభాలో నూటికి 14 మందికి స్పానిష్ ఇంటిపేర్లు ఉండెను. అయినను 25 ఏండ్లలో వారిలో ఒక్కడైనను జ్యూరీలో కూర్చుండలేదు. ఇది కేవలము కాకతాళీయమని నమ్మజాలమని ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ తీర్పులో వ్రాసెను. న్యాయమూర్తులందరును ఏకగ్రీవముగా ఆ శిక్షను రద్దు చేసిరి.

ఆ లెక్కకు ఆధారమైనది ఇంటిపేరు. 1950 జనాభా లెక్కలలోను నైరుతి ప్రాంతపు అయిదు రాష్ట్రములలో స్పానిష్ ఇంటిపేర్లు గలవారిని వేరుగా గుర్తించియుండిరి. ఈ పద్ధతిలో లోపములు లేకపోలేదు. వివాహముతో స్త్రీల ఇంటిపేరు మారవచ్చును. ఫిలిప్పీన్స్ వారికిని స్పానిష్ ఇంటిపేర్లుండును. అయినను, జాతి వివరము వ్రాయని ఋణపత్రములలో వివక్షను వెదకుటకు, ఇంటిపేరును నివాసస్థలమును కలిపి సంభావ్యతను కట్టు పద్ధతి నేటికిని వాడుకలో నున్నది.

ఏ పిల్లలతో చేసిన కొలబద్ద?

1970లో కాలిఫోర్నియాలో ‘డయానా వ్యాజ్యము’ అని పేరుపడిన దావా నడచినది. మాంటెరే కౌంటీలో తొమ్మిదిమంది మెక్సికన్ మూలముల బాలబాలికలకు ఆంగ్లములో బుద్ధి పరీక్షలు పెట్టి, వచ్చిన మార్కులను బట్టి మందబుద్ధుల తరగతులలో వేసిరి. వారి ఇండ్లలో మాటలాడు భాష స్పానిష్. స్పానిష్ తెలిసినవారిచేత మరల పరీక్షింపజేయగా వారిలో ఎక్కువమంది ఆ తరగతులలో ఉండదగినవారు కారని తేలినది. మొదటి పరీక్ష కొలిచినది బుద్ధిని కాదు, ఆంగ్లజ్ఞానమును.

మరియొక లోపము ఇంతకంటె లోతైనది. బుద్ధి పరీక్షలో ‘సగటు’ అనునది ఆకాశము నుండి ఊడిపడదు. ముందుగా కొందరు పిల్లలకు ఆ పరీక్ష పెట్టి, వారి మార్కులను బట్టి సగటును నిర్ణయింతురు. నాడు విరివిగా వాడుచుండిన వెక్స్‌లర్ బాలుర పరీక్షను 1949లో 2,200 మంది పిల్లలతో అట్లు ప్రమాణీకరించిరి. వారందరును శ్వేతజాతి పిల్లలే. ఏ పిల్లలను చూడకుండ కొలబద్దను చేసిరో, ఆ పిల్లలనే దానితో కొలిచిరన్నమాట. వ్యాజ్యము రాజీతో ముగిసినది. ఇకపై పిల్లలను వారి ఇంటిభాషలో కూడ పరీక్షింపవలెననియు, ఇదివరకే ఆ తరగతులలో వేసినవారిని తిరిగి పరీక్షింపవలెననియు ప్రభుత్వము అంగీకరించెను.

నేటి యంత్రములు నేర్చుకొను విధానము ఆ ప్రమాణీకరణమునకు దగ్గరి చుట్టము. ఎవరి దరఖాస్తులు, ఎవరి మాటతీరు చూచి యంత్రము నేర్చుకొన్నదో, వారే దానికి ‘సామాన్యులు’.

1970లోనే జనాభా లెక్కలలో కొంతమందిని ‘మీది స్పానిష్ మూలమా?’ అని మొదటిసారి అడిగిరి. జవాబులలో ‘మధ్య లేక దక్షిణ అమెరికా’ అను మాట యుండెను. సంయుక్త రాష్ట్రముల మధ్యభాగమునను దక్షిణభాగమునను నివసించు అనేకులు అది తమ ప్రాంతమే ననుకొని గుర్తు పెట్టిరి! ప్రశ్న సరిగా లేనిచో జవాబెట్లుండునో దీనివలన గ్రహింపవచ్చును. 1976లో స్పానిష్ మూలముల వారిని గూర్చిన గణాంకములు సేకరింపవలెనని కాంగ్రెసు శాసనము చేసెను. 1980 నుండి ఆ ప్రశ్న అందరికిని వేయుచున్నారు.

అయిదింట నాలుగు వంతుల నియమము

ఈ లోపల న్యాయశాస్త్రము కూడ ఒక అడుగు ముందునకు వేసినది. ఉద్యోగ పరీక్ష పెట్టినవారి ఉద్దేశము మంచిదైనను, పనికి అవసరము లేని ఆ పరీక్ష ఒక వర్గమును త్రోసివేయుచున్నచో అది చెల్లదని 1971లో సుప్రీం కోర్టు చెప్పెను. 1978లో ఫెడరల్ ప్రభుత్వము ఒక సులభమైన కొలతను ప్రకటించెను. ఎక్కువగా ఎంపికైన వర్గపు రేటులో, మరియొక వర్గపు రేటు అయిదింట నాలుగు వంతులకు తగ్గినచో అనుమానింపవలెను.

తరగతిలో ఈ లెక్క చేసి చూడవచ్చును. ఒక సంస్థకు 250 మంది దరఖాస్తు పెట్టిరనుకొనుడు. యంత్రము 115 మందిని ఏరినది. అనగా నూటికి 46 మంది. ఇందులో తప్పేమియు కనబడదు. ఇప్పుడు వర్గములుగా విడదీయుడు. ఇతరులు 200 మందిలో 100 మంది. అనగా నూటికి 50. లాటినోలు 50 మందిలో 15 మంది. అనగా నూటికి 30. 30ని 50తో భాగించిన 0.6 వచ్చును. ఇది 0.8 కంటె తక్కువ. కావున విచారణ అవసరము. వర్గమును తెలుపు గడి కాగితములో లేకున్న ఈ తేడా ఎవరికిని కనబడియుండదు.

నేటి చట్టములు

2021లో న్యూయార్క్ నగరము చేసిన చట్టము ఈ లెక్కనే యంత్రములకు వర్తింపజేసినది. ఉద్యోగులను ఏరు యంత్రములను ఏటేట స్వతంత్రులచేత తనిఖీ చేయించి, లాటినోలతో సహా ఒక్కొక్క వర్గపు నిష్పత్తిని బహిరంగపరచవలెను. 2023 జూలై నుండి దీనిని అమలు జరుపుచున్నారు. కాని నిష్పత్తి ఇంతకు తగ్గరాదని ఆ చట్టము చెప్పదు. కొలరాడో రాష్ట్రము 2024లో ఆమోదించిన చట్టము, యంత్రములు చూపరాని వివక్షలలో ఆంగ్లము చక్కగా రాకుండుటను కూడ చేర్చినది. మాంటెరే పిల్లల కథ తెలిసినవారికి దీని విలువ తెలియును. అయితే 2025లో దాని అమలును వాయిదా వేసిరి.

ఫెడరల్ స్థాయిలో గాలి మారినది. కృత్రిమ మేధపై 2023 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ జారీ చేసిన ఉత్తర్వును 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ రద్దు చేసెను. ఫలితములలోని వ్యత్యాసమును బట్టి వివక్షను విచారించు పద్ధతిని తగ్గించుమని అదే సంవత్సరము ఏప్రిల్‌లో ఆదేశించెను.

లెక్కలలోని లోపమును పూర్తిగా తీరలేదు. 2020 జనాభా లెక్కలను ప్రభుత్వమే సరిచూచుకొనగా లాటినోలు నికరముగా నూటికి 4.99 వంతులు తక్కువగా లెక్కకు వచ్చినట్లు తేలినది. 2010లో ఆ లోటు 1.54 మాత్రమే. లెక్కకు వచ్చుటకు వెనుకాడువారి భయము అర్థము లేనిది కాదు. 1930 నాటి అనుభవము అట్టిది. కావున వివరములు ఇచ్చినవారికి వానివలన హాని కలుగకుండ కాపాడుట కూడ న్యాయమైన విధానములో ఒక భాగము కావలెను.

యంత్రమును చూచి భయపడవలసిన పనిలేదు. గ్రుడ్డిగా నమ్మవలసిన పనియు లేదు. అది ఎవరిని చూచి నేర్చుకొన్నదో, ఏ భాషలో పరీక్షించుచున్నదో, దాని తీర్పు ఏ వర్గముపై ఎట్లు పడుచున్నదో అడిగి తెలిసికొను హక్కు ప్రజలకుండవలెను. జాక్సన్ కౌంటీలోను, మాంటెరేలోను ఆ ప్రశ్నలడిగినవారు ఉండిరి గనుకనే కొలత మారినది.