తువ్వాలు కింది ధర

అమెరికాలో ఆర్థర్ నీల్సన్ 1930లలో ఒక తెలివైన పని చేశాడు. ఏ సబ్బు ఎంత పోతోందో తెలియాలంటే కొనేవాళ్లను అడగడం దేనికి? అంగట్లో సరుకు లెక్కపెడితే సరి. పాత నిల్వకు కొత్తగా వచ్చింది కలిపి, మిగిలింది తీసేస్తే అమ్మకం తేలిపోతుంది. కంపెనీలు ఎగబడి ఆ లెక్కలు కొన్నాయి.

ఇంచుమించు అవే రోజుల్లో మన దేశంలోనూ ఒక పెద్ద మార్కెట్ సర్వే నడిచింది. దాని ఊసెత్తేవాళ్లే లేరు.

అప్పట్లో చాలా మండీల్లో బేరం గుడ్డ కింద సాగేది. దలారీ, షావుకారు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర తేల్చుకునేవాళ్లు. సరుకు తెచ్చిన రైతు పక్కనే నిలబడి ఉన్నా ఆ వేళ్ల లెక్క ఆయనకు అందేది కాదు. మార్కెట్లకు కట్టుబాట్లు ఉండాలని 1928లో వ్యవసాయ రాయల్ కమిషన్ గట్టిగా చెప్పింది. కర్నూలు, కడప అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవి. అక్కడ 1933లోనే వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. 1935లో ఢిల్లీలో మార్కెటింగ్ సలహాదారు ఆఫీసు తెరిచి, లివింగ్‌స్టన్ అనే దొర చేతిలో పెట్టారు. నేను చెప్పిన సర్వే ఈ ఆఫీసుదే. అది ఒక్కో పంటనూ పట్టుకుని వెంటపడింది. 1937లో గోధుమల నివేదిక, 1941లో వేరుశనగ నివేదిక వచ్చాయి. బండి బాడుగ, తరుగు, హమాలీ, కమీషన్ అన్నీ పోను రైతు చేతికి ఎంత దక్కుతోందన్నదే అసలు ప్రశ్న. నన్నడిగితే నీల్సన్ లెక్క కంటే ఇదే పెద్ద పని.

ధర ఒక్కటే తెలిస్తే సరిపోదు, సరుకు నాణ్యం కూడా తేలాలి. పత్తి కొనేవాడు చిటికెడు దూదిని రెండు చేతుల బొటన, చూపుడు వేళ్లతో పట్టి సాగదీసి పింజ పొడవు చెప్తాడు. వేరుశనగ బుడ్డలైతే గుప్పెడు ఒలిచి గింజ ఎంతుందో చూస్తాడు. ఈ విద్య వ్యాపారి వేళ్లలో ఉన్నంతకాలం బేరం ఆయనవైపే మొగ్గుతుంది. అందుకే యార్డులో తేమ కొలిచే మిషను, నాణ్యం పరీక్షించే గది ఉండాలి.

2000లో అగ్‌మార్క్‌నెట్ వచ్చి మండీ ధరలను ఇంటర్నెట్‌లోకి ఎక్కించింది. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ అనే ఆన్‌లైన్ మండీ మొదలైంది. ఆదోని పత్తి, కర్నూలు వేరుశనగ, కడప పసుపు అందులోకి చేరాయి. అక్కడి ఈ-టెండరులో ఒక వ్యాపారి వేసిన ధర ఇంకొకరికి కనపడదు. గుట్టు ఇప్పుడూ ఉంది, కాకపోతే అది కొనేవాళ్ల మధ్యే.

ఇంత చేసినా ఇవన్నీ నిన్నటి ధరలే. ఉల్లి, టమోటా వేసేవాళ్లకు కావాల్సింది కోతనాటి ధర. పోయినేడు రేటు చూసి అందరూ అదే పంట వేస్తే ఏమవుతుందో పత్తికొండ టమోటా రైతుకు వేరే చెప్పాలా?

సరుకు బండికెత్తే ముందు ఫోన్లో రేట్లు చూస్తే గరిష్ఠ ధర చూసి ఆశపడకండి. దాని పక్కనే మోడల్ ధర ఉంటుంది. ఎక్కువ సరుకు అమ్ముడయ్యేది ఆ ధరకే.