మంజీర మాది, జాబితా ఎవరిది?

మొన్న మా పెద్దశంకరంపేటలో ఒక చిన్న పుస్తకం ఆవిష్కరించారు. మెదక్ జిల్లా కవులు, రచయితల పరిచయం. షామియానా, మైకు, శాలువాలు, మెరుపు కాగితం చుట్టిన ప్రతులు అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. ముఖ్య అతిథి పుస్తకం తిరగేసి, "పలచగానే ఉంది గానీ ఇలాంటి మారుమూల జిల్లాకు ఇదే ఎక్కువ" అన్నారు. దానికి చప్పట్లు కూడా పడ్డాయి! మా ఊరివాళ్లే కొట్టారు.

పుస్తకం పలచబడింది కవులు లేక కాదు. 2016 అక్టోబరులో పాత మెదక్ జిల్లా మూడు ముక్కలయింది. సిద్దిపేట వేరే జిల్లా అయింది, జోగిపేట సంగారెడ్డి జిల్లాలోకి పోయింది, మేము మెదక్‌లో మిగిలాం. రాసినాయన కొత్త పటం ముందేసుకుని కవులను కూడా అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టు పంచాడు. వేముగంటి నరసింహాచార్యులు సిద్దిపేట వైపు పోయారు, నందిని సిధారెడ్డి అటే పోయారు. కొల్చారం మెదక్‌లోనే ఉంది కాబట్టి మల్లినాథసూరి బతికిపోయాడు. సిద్దిపేటలో సాహిత్యం గట్టిదే, కాదనను. కానీ అక్కడివాళ్లు రచయితల సంఘానికి పెట్టుకున్న పేరేమిటి? మంజీర. ఆ ఏరు పారేది సింగూరు నుంచి ఏడుపాయల మీదుగా, మా దిక్కు. వాళ్లకు లేని హద్దు మనకెందుకు?

నాకు ఎక్కువ కడుపుమంట జోగిపేట గురించి. 1930 మార్చిలో నిజాం రాష్ట్ర మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది అక్కడే. అధ్యక్షుడు సురవరం ప్రతాపరెడ్డి. అదే వేదిక దగ్గర మహిళా సభ కూడా జరిగింది, దానికి నడింపల్లి సుందరమ్మ అధ్యక్షత వహించారు. చరిత్ర రాసేవాళ్లు జోగిపేట సభను రాజకీయాల్లో మొదటి మెట్టుగా ఒక్క వాక్యంలో దాటేసి, 1944 భువనగిరి మహాసభ దగ్గర ఆగుతారు. నేను ఒప్పుకోను. ఈ ఉద్యమం పుట్టిందే భాష దగ్గర. 1921లో హైదరాబాదు వివేకవర్ధిని సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావును ఎగతాళి చేస్తే, ఆ అవమానంలోంచి ఆంధ్ర జనసంఘం వచ్చింది. దాని ఆశయాల్లో ముందు వరసవి గ్రంథాలయాలు, పఠనమందిరాలు, తాళపత్రాల సేకరణ. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాల్సిన రోజుల్లో ఆ పని జోగిపేట దాకా వచ్చింది.

నిజాం రాష్ట్రంలో ఆంధ్ర కవులు పూజ్యమని, అంటే సున్నా అని, ముడుంబ వేంకటరాఘవాచార్యులు రాసినదానికి సురవరం 1934లో గోలకొండ కవుల సంచికతో జవాబిచ్చారు. 354 మంది కవులు! పల్లెల్లో కవులున్నారన్న ధీమా ఆయనకు జోగిపేటలోనే కలిగిందని నేనంటాను. కలగలేదనేవాళ్లు వచ్చి వాదించండి. ముఖ్య అతిథి 'మారుమూల' అన్నదీ ఆ 'పూజ్యం' జాతిదే. కాకపోతే ఈసారి మనమే చప్పట్లు కొట్టాం.

రాణి శంకరమ్మ సంగతీ ఆ పుస్తకంలో తికమకే. శంకరంపేటలు రెండు. కాగితాల్లో మాకు బ్రాకెట్లో 'ఎ', చిన్నశంకరంపేటకు 'ఆర్'. ఒకటి అందోలుకు గుర్తు, ఒకటి రామాయంపేటకు. పుస్తకం రాసినాయన రెంటినీ ఒకే ఊరుగా కలిపేశాడు. ఆమె ఏలింది అందోలు, పాపన్నపేట సంస్థానం. అందోలు వైపు ఊరు మాది. ఆమె పేటగా మమ్మల్నే రాయాలి.

ఇక పుస్తకాల అంగడి. ఇట్లాంటి ఊళ్లలో బుక్ స్టాల్ అంటే నోటుబుక్కులు, గైడ్లు, పంచాంగం, పెద్దబాలశిక్ష, పక్కనే జిరాక్స్ మిషను. కవితల పుస్తకం పెట్టమంటే దుకాణదారు మొహమాటానికి రెండు తీసుకుని పెన్సిల్ డబ్బాల వెనక పెడతాడు. ఆయన్ని తప్పుపట్టలేం, బేరం లేని సరుకు ముందు పెట్టుకుని ఏం చేస్తాడు? ఆవిష్కరణ రోజు అమ్ముడైనవే అమ్ముడైనట్టు. మిగతావి అతిథులకు సంతకం పెట్టి ఊరకే ఇవ్వడమే. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా మనం కడుతూనే ఉన్నాం. ఆ లెక్కన ఊళ్లో అచ్చయిన ప్రతి పుస్తకం కనీసం నాలుగు ప్రతులు శాఖా గ్రంథాలయం కొనాలని అడగొచ్చు. ఎవరూ అడగరు.

సభ అయ్యాక రచయితను పక్కకు పిలిచి జోగిపేట గురించి చెప్పాను. పాపం, మంచివాడే. రెండో ముద్రణలో చేరుస్తానన్నాడు. మొదటి ముద్రణ కట్టలు అప్పటికింకా ఆటోలోంచి దిగలేదు.