నొట్టుస్వరం

ఏర్గట్లలో మా వాకిట్ల పసుపు కొమ్ములు ఎండుతున్నయి. పక్కింటి పిల్ల అరుగు మీద కూర్చుని ‘ట్వింకిల్ ట్వింకిల్’ పాడుతోంది. ముత్తుస్వామి దీక్షితుల ‘శ్యామలే మీనాక్షి’ది కూడా అదే మట్టు!

దీక్షితులు వయసులో ఉన్నప్పుడు మద్రాసు దగ్గరి మణలిలో ఉండేవారు. సెయింట్ జార్జి కోటలో దొరల బ్యాండు విని, ఆ మట్లకు సంస్కృతంలో సాహిత్యం కట్టారు. బ్యాండువాళ్ల ‘నోటు’ జనం నోట నలిగి ‘నొట్టు’ అయింది. ఈ నొట్టుస్వరాలన్నింటివీ శంకరాభరణ స్వరాలే. గమకాల ఊగులాట లేదు, మెట్టు మీద మెట్టు ఎక్కినట్టు స్వరం నడుస్తుంది.

నాకు ప్రాణమైంది ‘జగదీశ గురుగుహ’. దాని మూలం స్కాట్లండ్ ఫిడేలు మట్టు, ‘లార్డ్ మెక్‌డొనాల్డ్స్ రీల్’. రీల్ అంటే అక్కడి జనం హుషారుగా ఆడే ఆట. దొర పేరున్న చోట దీక్షితుల ముద్ర ‘గురుగుహ’ వచ్చి కూర్చుంది. తమ్ముడు బాలుస్వామి ఆ రోజుల్లోనే దొరల ఫిడేలు నేర్చి మన సంగీతంలోకి తెచ్చారు. ఆ ఇంటివారే అయిన సుబ్బరామ దీక్షితులు 1905లో ‘ప్రథమాభ్యాస పుస్తకము’లో ఈ నొట్టుస్వరాలను తెలుగు లిపిలో అచ్చు వేయించారు.

పిల్లకు ‘శ్యామలే’ పాడి వినిపించిన. రెండో సారికే గొంతు కలిపింది.