మెట్రిక్ మెట్టు: రంగం తెలుగువారి ఆగిన చదువుల కథ

బర్మీ భాషలో చౌక్తడా అంటే రాతి వంతెన. యాంగాన్ నగరం నడిబొడ్డున, సూలే పగోడా చుట్టూ అల్లుకొని ఉన్న పేట ఇది. పాత హైకోర్టు, నగర సభా మందిరం, మర్చంట్ వీధిలోని పాతకాలపు కంపెనీ భవనాలు, పాన్సోడాన్ రేవు అన్నీ ఈ చుట్టుపక్కలవే. మన తాతముత్తాతలు రంగం వచ్చి మూటలు మోసిన నది ఒడ్డుకూ, గుమాస్తాలు కలం పట్టి కూర్చున్న కార్యాలయాలకూ మధ్య ఉన్నవి నాలుగైదు వీధులే. నడిస్తే పది నిమిషాలు పట్టదు. కాని మనవారిలో చాలామందికి ఆ దూరం దాటడానికి ఒక తరం పట్టింది, కొందరికి రెండు తరాలు పట్టింది. అడ్డుగా నిలిచింది ఒక కాగితం. ఆ కాగితం పేరు మెట్రిక్యులేషన్ సర్టిఫికేటు.

మన వలస చరిత్రను చెప్పుకొనేటప్పుడు ఓడలను తలుచుకుంటాము, బియ్యపు మిల్లులను తలుచుకుంటాము, గుళ్ళనూ ఉత్సవాలనూ తలుచుకుంటాము. మధ్యలో ఆగిపోయిన చదువులను గురించి మాత్రం ఎక్కువగా మాట్లాడుకోము. అది ఎవరికి వారు ఇంట్లో దాచుకునే విషయమైపోయింది. నిజానికి అది ఒక్కొక్కరి సొంత లోపం కాదు, మనందరి ఉమ్మడి చరిత్ర. పెద్దయిన తర్వాత మళ్ళీ పుస్తకం పట్టి ఆ మెట్టు ఎక్కడం కూడా మన చరిత్రలో ఉన్న సంగతే. ఈ సంచికలో ఆ రెండింటినీ గుర్తు చేసుకోవడం సముచితం.

గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి మనవారు ఈ దేశానికి వచ్చారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరు మీదనే ఇక్కడ తెలుగు కూలీలకు 'కోరంగీ' అనే పేరు పడింది. మేస్త్రీ దగ్గర బయానా తీసుకొని, కాకినాడలోనో విశాఖపట్నంలోనో ఓడ ఎక్కి, ఇక్కడ రేవులలో, మిల్లులలో పనికి కుదిరినవారే ఎక్కువ. చాలామంది కుటుంబాలను ఊళ్ళోనే ఉంచి ఒంటరిగా వచ్చినవారు. నాలుగు రాళ్ళు వెనకేసుకొని తిరిగి వెళ్ళాలన్నదే వారి ఆలోచన. పిల్లలు లేని చోట బడి ఎలా పుడుతుంది? 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. అయినా ఆ సంఖ్యకు తగినన్ని బడులు మన కూలీ పేటలకు లేవు. తరువాత కుటుంబాలు స్థిరపడి, తెలుగు పంతుళ్ళు వచ్చి, చిన్న చిన్న బడులు వెలిశాయి.

ఆ బడులు దాటినవారికి ఎదురయ్యేది మెట్రిక్. 1920 వరకు రంగూన్ కాలేజీ కలకత్తా విశ్వవిద్యాలయం కింద ఉండేది. ఇక్కడి విద్యార్థి భవిష్యత్తును కలకత్తా పరీక్షలే తేల్చేవి. 1920 డిసెంబరులో రంగూన్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఏర్పడిన రోజులలోనే బర్మీ విద్యార్థులు సమ్మె కట్టారు. వసతి గృహంలో ఉండి చదవాలన్న నియమమూ, ఇంగ్లీషు కోసం అదనంగా పెట్టిన సన్నాహక తరగతీ పేదవారికి తలుపు మూసేస్తాయన్నది వారి ఫిర్యాదు. ఆ ఉద్యమంలో నుంచే జాతీయ పాఠశాలలు పుట్టాయి. పరీక్ష అనేది తెలివిని మాత్రమే కొలవదనీ, దానిదాకా ఎవరు రాగలరో కూడా ముందే నిర్ణయిస్తుందనీ ఆ విద్యార్థులు వందేళ్ళ కిందటే గ్రహించారు.

ఆ తర్వాత మన చదువులకు పెద్ద దెబ్బలు మూడు తగిలాయి.

మొదటిది యుద్ధం. 1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. 1942 మార్చిలో నగరం వారి వశమైంది. లక్షలాది భారతీయులు అరకాన్ దారిన, మణిపూర్ దారిన, కొండలూ అడవులూ దాటి కాలినడకన వెళ్ళిపోయారు. ఎందరో దారిలోనే ప్రాణాలు విడిచారు. బతికి బయటపడిన పిల్లలకు పలక లేదు, బడి లేదు. మళ్ళీ స్థిమితపడేసరికి వారి వయస్సు సంపాదన వయస్సయింది.

రెండవది జాతీయీకరణ. 1962 మార్చిలో జనరల్ నెవిన్ ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు జాతీయమయ్యాయి, ఏభై, వంద చాట్ల నోట్లు చెల్లకుండా పోయాయి. మన కుటుంబాలు వేలకొద్దీ ఓడలెక్కాయి. విశాఖపట్నం కంచరపాలెంలోని బర్మా క్యాంపు పేరు ఆ రోజులను ఈనాటికీ గుర్తు చేస్తుంది. 1965 నుంచి ప్రైవేటు బడులు కూడా ప్రభుత్వపరం అయ్యాయి. వెళ్ళిన పిల్లవాడికి అక్కడ తెలుగు వాచకం కొత్త, ఉన్న పిల్లవాడికి ఇక్కడ తెలుగు బడే లేదు. ఇద్దరూ చదువులో వెనకబడ్డారు. ఇద్దరిలో ఏ ఒక్కరిదీ తప్పు కాదు.

మూడవది 1988. ఆ ఏడు ఉద్యమం తర్వాత విశ్వవిద్యాలయాలు మూతబడి 1991లో తెరుచుకున్నాయి. 1996 డిసెంబరులో మళ్ళీ మూతబడితే 2000 జూలై దాకా పూర్తిగా తెరుచుకోలేదు. మెట్రిక్ పాసైనా వెళ్ళడానికి కాలేజీ లేని కాలంలో, మెట్రిక్ దేనికన్న నిరాశ చాలా ఇళ్ళలో ప్రవేశించింది. కుర్రవాళ్ళు టీ కొట్లలో, వర్క్‌షాపులలో చేరారు. ఆడపిల్లలకు పెళ్ళిళ్ళయిపోయాయి. 1982 పౌరసత్వ చట్టం తర్వాత కాగితాల చిక్కులు పడిన కుటుంబాలకు ఆ నిరాశ మరి కాస్త ఎక్కువ.

ఇంతవరకు ఆగిన చదువుల సంగతి. ఇక తిరిగి మొదలైన చదువుల వైపు, మన ఓడలు బయలుదేరిన ఆ ఒడ్డుకు వెళదాము.

శ్రీకాకుళం ప్రాంతంలో పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు చిన్నతనంలోనే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్ అయిన వెంటనే పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరవలసి వచ్చింది. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా కట్టి ఎఫ్.ఎ., ఆ పైన బి.ఎ. పూర్తి చేశారు. వాడుక భాషకు గౌరవం తెచ్చిన ఆ మహనీయుడు తన పై చదువులను ఇల్లు నడుపుతూ, బడిలో పాఠాలు చెబుతూ సంపాదించుకున్నవాడే.

దుర్గాబాయి గారి కథ మనకు ఇంకా దగ్గరది. ఆమె 1909లో రాజమండ్రిలో పుట్టారు, కాకినాడలో పెరిగారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, ఆ బంధం నిలవలేదు. ఇంగ్లీషు మాధ్యమం వద్దని పన్నెండేళ్ళకే బడి మానేశారు. ఉప్పు సత్యాగ్రహంలో చేరి జైళ్ళు చూశారు. జైలులో తనతోపాటు ఉన్న నిరక్షరాస్యులైన ఆడవాళ్ళ కష్టాలు చూసి, విడుదలయ్యాక చదువు మీద దృష్టి పెట్టారు. ఇరవై ఏళ్ళు దాటిన తర్వాత కాశీ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షకు ప్రైవేటుగా కూర్చున్నారు. అక్కడి నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి.ఎ., మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా, ఆ పైన రాజ్యాంగ సభ. పన్నెండేళ్ళకు బడి మానేసిన అమ్మాయి దేశానికి రాజ్యాంగం రాసిన సభలో కూర్చున్నది.

ఆమె తాను ఎక్కిన మెట్టును ఇతరులకూ అందించారు. 1937లో మద్రాసులో ఆమె స్థాపించిన ఆంధ్ర మహిళా సభలో, చదువు ఆగిపోయిన ఆడపిల్లలను అదే కాశీ మెట్రిక్‌కు తయారు చేశారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. గ్రామాలలో పనికి నర్సులు, ఉపాధ్యాయినులు, సేవికలు కావాలి. కాని ఆ ఉద్యోగాలకు తగిన సర్టిఫికేటు ఉన్న స్త్రీలు దొరకరు. అందుకని 1958లో బోర్డు వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యా కోర్సులు మొదలుపెట్టింది. కొంత చదివి ఆపేసిన పెద్ద వయసు స్త్రీలను రెండేళ్ళలో పరీక్షకు సిద్ధం చేయడం వాటి పద్ధతి. పెద్దవారికి పిల్లల పాఠాన్ని పిల్లల వేగంతో చెప్పనక్కరలేదని ఆ కోర్సులు నిరూపించాయి. లెక్క రాయడం రాకపోయినా లెక్క కట్టడం వారికి బజారే నేర్పింది కదా.

అమెరికాలోనూ ఇదే ఆలోచన ఇంకొక రూపంలో వచ్చింది. యుద్ధం వల్ల బడి మధ్యలో వదిలేసిన సైనికుల కోసం 1942లో అక్కడ ఒక పరీక్ష తయారు చేశారు. అదే జనరల్ ఎడ్యుకేషనల్ డెవలప్‌మెంట్ పరీక్ష, పొట్టిగా జి.ఇ.డి. హైస్కూలులో కూర్చోకపోయినా హైస్కూలు స్థాయి తెలివి ఉందని రుజువు చేసుకునే అవకాశం అది. మనవారు కొండదారుల్లో నడిచిన ఏడాదే ఆ పరీక్ష పుట్టింది. ఒకే యుద్ధం. ఆగిన చదువును ఒక దేశం తన బాధ్యత అనుకున్నది. మన నడక దారుల వెంట అటువంటి బాధ్యత తీసుకున్నవారు లేరు.

తరువాతి కాలంలో తెలుగునాట కూడా తలుపులు తెరుచుకున్నాయి. 1982లో హైదరాబాదులో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఈనాటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఏ సర్టిఫికేటూ లేని పెద్దవారిని కూడా ఒక అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. 1989లో జాతీయ ఓపెన్ స్కూలు, 1991లో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ స్కూలు వచ్చాయి. జాతీయ ఓపెన్ స్కూలులో అభ్యర్థికి ఐదేళ్ళ గడువు, తొమ్మిది అవకాశాలు. ఈసారి రెండు సబ్జెక్టులు, వచ్చేసారి ఇంకొకటి, ఇలా కూడబెట్టుకోవచ్చు.

ఇక్కడ మయన్మారులో ప్రయత్నం లేదనకూడదు. 1960లలో మొదలైన అక్షరాస్యతా ఉద్యమంలో విద్యార్థులు సెలవులకు పల్లెలకు వెళ్ళి పెద్దలకు అక్షరాలు నేర్పారు. దానికి 1971లోనూ, 1983లోనూ యునెస్కో బహుమతులు లభించాయి. 1975 ప్రాంతంలో ఉత్తరాల ద్వారా విశ్వవిద్యాలయ చదువు మొదలైంది, 1992లో యాంగాన్ దూరవిద్యా విశ్వవిద్యాలయం ఏర్పడింది. అక్షరం ఈ కొసన, డిగ్రీ ఆ కొసన. మధ్యలో మెట్రిక్ మెట్టు అలాగే ఉంది, దూరవిద్యకు కూడా అది దాటాలి. బడిలో లేనివారు బయటి అభ్యర్థిగా రాయవచ్చును. పాన్సోడాన్ చుట్టుపక్కల పాత పుస్తకాల కొట్లలో గైడు కొనుక్కొని, పగలు పని చేసి రాత్రి చదివి ఈ పరీక్ష రాసినవారందరికీ నమస్కారం చేయాలి.

2020లో కోవిడ్ వల్ల బడులు మూతబడ్డాయి, 2021 సైనిక తిరుగుబాటు తర్వాత చదువులు ఇంకా చెదిరిపోయాయి. అప్పుడు యాంగాన్ యువతీయువకులు చాలామంది జి.ఇ.డి. వైపు మొగ్గారు. గణితం, భాష, విజ్ఞానం, సాంఘికం అని నాలుగు పరీక్షలు, ఒక్కొక్కదానిలో కనీసం 145 మార్కులు తెచ్చుకోవాలి. తప్పినది ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. అయితే ఈ దేశపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు మెట్రిక్ మార్కులనే చూస్తాయి, జి.ఇ.డి. ఎక్కువగా పనికివచ్చేది విదేశీ కాలేజీలకు. కనుక డబ్బు కట్టే ముందు, వెళ్ళదలచిన చోట ఏ కాగితం చెల్లుతుందో విచారించుకోవాలి.

ఈ చరిత్రలో నుంచి మనం ఏరుకోవలసింది ఒకటుంది. పెద్దయ్యాక చదివి గెలిచినవారి వెనుక పట్టుదల ఒక్కటే లేదు. చెప్పేవారు ఉన్నారు, కూర్చోవడానికి చోటు ఉంది, ఆ రెండు గంటలూ ఇంటి పని నెత్తిన వేసుకున్నవారు ఉన్నారు. దుర్గాబాయి గారు ఏర్పాటు చేసినది అదే. మన సంఘాలకు అది మించిన పని కాదు. ఉత్సవాలకు పందిరి వేసే చోట సాయంత్రం ఒక బల్ల, ఒక దీపం, లెక్కలకు ఒకరు, బర్మీ, ఇంగ్లీషు భాషలకు ఒకరు ఉంటే చాలు. తల్లులు చదివేటప్పుడు పిల్లలను చూసే అమ్మమ్మలు మనకు కొదవా?

ఈ సంచిక చదివిన తర్వాత ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న అడగండి: మనలో ఎవరి చదువు ఏ తరగతిలో ఆగింది, ఎందుకాగింది? వదినగారు తొమ్మిదిలో ఆపి ఉంటారు, బాబాయిగారు ఒక్క సబ్జెక్టు తప్పి ఉంటారు. చిన్నబుచ్చడానికి కాకుండా, వచ్చే పరీక్షకు రుసుము కట్టడానికి అడగండి. ఏ వయస్సులో చేతికొచ్చినా ఆ కాగితం మీద అక్షరాలు అవే.