రంభ రాజభవనం తోట – మన గంజాం చరిత్ర

బరంపురంలో బడా బజారు, గేట్ బజారు వైపు సాయంత్రం వెళితే కాలు పెట్టడానికి చోటుండదు. ఆటోలు, హారన్లు, దుమ్ము. అందుకే సెలవు వస్తే చాలామంది రంభ వెళ్దామంటారు. రైలులో ఛత్రపురం, గంజాం, హుమ్మ స్టేషన్లు దాటితే రంభ వస్తుంది. అక్కడ చిలికా సరస్సు ఒడ్డున, తోట మధ్యలో పాత రాజభవనం ఉంది. చెట్ల నీడ, నీటి మీది గాలి, పక్షుల అరుపులు తప్ప మరో సందడి ఉండదు.

ఈ భవనాన్ని 1791-92లో థామస్ స్నాడ్‌గ్రాస్ కట్టించాడు. ఆయన ఈస్టిండియా కంపెనీ తరఫున గంజాంలో అధికారి. ఆ రోజుల్లోనే ఉత్తర సర్కారుల్లో పెద్ద కరువు వచ్చి ఎందరో ఆకలితో చనిపోయారు. ఒకపక్క జనం గంజి లేక అల్లాడుతుంటే, ఇంకోపక్క దొరగారి మేడ లేచింది. తోట అందం చూసేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

తర్వాత ఈ భవనం ఖల్లికోట రాజుల చేతికి వచ్చింది. అప్పుడు గంజాం మద్రాసు రాజధానిలో ఉండేది. కచేరీల్లో, బడుల్లో తమ భాషకు చోటు దక్కడం లేదని ఒడియావారు బాధపడేవారు. 1903 ప్రాంతంలో ఖల్లికోట రాజా హరిహర మర్దరాజు, మధుసూదన్ దాస్ మొదలైన పెద్దలు ఈ రంభ భవనంలోనే కూర్చుని, ఒడియా ప్రాంతాలన్నీ ఒకటి కావాలని మాట్లాడుకున్నారు. అదే ఏడాది డిసెంబరులో కటక్‌లో ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగింది. చివరికి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది.

ఆ రోజే మన గంజాం జిల్లా రెండు ముక్కలైంది. బరంపురం ఒడిశాలోకి వచ్చింది. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయాయి. అక్కాచెల్లెళ్ల ఇళ్లు చెరోపక్క పడ్డాయి. మనవాళ్లు ఊరు కదల్లేదు, ఇల్లు మారలేదు, కానీ ఒక్క రోజులో అల్పసంఖ్యాకులయ్యారు. ఈరోజు మనది తెలుగు మైనారిటీ బడి అని ఎందుకంటారో అడిగితే, జవాబు ఈ తోట దాకా వెళుతుంది.

దీనికి ఎవరినీ తప్పుపట్టనక్కర్లేదు. తమ పిల్లలు తమ భాషలో చదవాలని ఆ రోజు ఒడియా పెద్దలు కోరుకున్నారు. మన అమ్మానాన్నలు మనల్ని తెలుగు బడిలో చేర్చింది కూడా ఆ కోరికతోనే. రెండు కోరికలూ ఒకటే అని తెలిస్తే పక్కింటి ఒడియా స్నేహితుడు ఇంకా దగ్గరవాడు అవుతాడు.

ఇప్పుడు ఆ భవనాన్ని బాగుచేసి హోటల్‌గా నడుపుతున్నారు. కాబట్టి ముందు అడిగి వెళ్లాలి. వెళ్లినప్పుడు ఫొటోలు తీసుకుందాం, కానీ కాసేపు ఆ చెట్ల కింద కూర్చుని అక్కడ జరిగిన మాటల గురించి కూడా ఆలోచిద్దాం. ఎందుకంటే ఆ మాటల్లో మన కథ కూడా ఉంది.